పంపు నుంచి తెర దాకా సాగే తీగ ఊరిదై ఉండాలి

జలమండలి మేనేజింగ్ డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ


హైదరాబాద్ మహానగర మంచినీటి సరఫరా, మురుగునీటి పారుదల మండలి, ఖైరతాబాద్.

కృష్ణా నీళ్లు హైదరాబాద్‌కు చేరే వాకిలి సాహెబ్‌నగర్. వనస్థలిపురం పక్కనున్న అక్కడి రిజర్వాయర్లకు చేరేలోపు ఆ నీళ్లు చాలా దూరం నడుస్తాయి. పుట్టంగండి దగ్గర నాగార్జునసాగర్ జలాశయం నుంచి పైకి లేస్తాయి. అక్కంపల్లి బ్యాలెన్సింగ్ రిజర్వాయరులో ఆగుతాయి. కోదండాపూర్‌లో శుద్ధయి, నసర్లపల్లి, గోడకొండ్ల, గునగల్ మజిలీల మీదుగా నూరు కిలోమీటర్లకు పైగా వస్తాయి. మొదటి దశ 2004లో, రెండోది 2008లో, మూడోది 2015లో మొదలయ్యాయి. దశకు 90 ఎంజీడీ (రోజుకు మిలియన్ గ్యాలన్లు) చొప్పున మొత్తం 270 ఎంజీడీ. లీటర్లలో చెప్పుకుంటే రోజుకు సుమారు 123 కోట్లు.

ఆ నీళ్లే దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో, కొత్తపేట ఇళ్లలో, ఎల్బీనగర్ అపార్టుమెంట్లలో వాడకమై, మురుగై, నాగోలు వైపు దిగుతాయి. అక్కడ మూసీ ఒడ్డున శుద్ధి ప్లాంటు ఉంది. అందులోంచి బయటపడ్డ నీళ్లు మూసీలో కలిసి, పీర్జాదిగూడ, ప్రతాపసింగారం మీదుగా గడ్డి చేలనూ కూరగాయల మడులనూ తడుపుతూ పోయి, వాడపల్లి దగ్గర మళ్లీ కృష్ణలో కలుస్తాయి. సాగర్ డ్యాముకు ఎగువన తీసుకున్న నీటిని ఊరు దిగువన తిరిగి ఇస్తోంది. నగరానికి నీళ్లు వచ్చే కొస, వాడుకున్నాక వదిలే కొస రెండూ కొద్ది కిలోమీటర్ల ఎడంలో ఉన్న ప్రాంతం ఇది. అందుకే ఈ విన్నపం ఇక్కడి నుంచి వస్తోంది.

పైపుల గురించి, పంపుల గురించి మండలికి చెప్పగలవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ లేఖ పంపు పక్కన గోడకు ఆనించి ఉండే కంట్రోల్ ప్యానెల్ గురించి, అందులోంచి బయటికి వెళ్లే ఒక తీగ గురించి.

ప్యానెల్ తలుపు తీస్తే వరుసగా బ్రేకర్లు, రిలేలు, వాటి మధ్య పీఎల్‌సీ అనే నియంత్రణ కంప్యూటరు కనిపిస్తాయి. నీటిమట్టం ఎంత, పైపులో ఒత్తిడి ఎంత, మోటారు బేరింగు ఎంత వేడెక్కింది అన్న సంగతులు సెన్సర్ల ద్వారా దానికి చేరుతాయి. పంపు ఎప్పుడు ఆడాలో, వాల్వు ఎంత తెరుచుకోవాలో అదే నిర్ణయిస్తుంది. సెకనులో కొద్ది వంతులోనే ఈ లెక్కంతా ముగించి మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. కానీ అది చూస్తున్నదేదీ బయటివాళ్లకు తెలియదు. తెలియాలంటే దాని పక్కన ఇంకో చిన్న పెట్టె బిగించాలి. సైటులో దాన్ని కమ్యూనికేషన్ కార్డు అంటారు, కొందరు ఈథర్నెట్ మాడ్యూల్ అంటారు. అరచేతిలో పట్టేంత ఉంటుంది. పీఎల్‌సీ లోపలి అంకెలను అది నెట్‌వర్క్ కేబుల్ మీదికి ఎక్కిస్తుంది. అక్కడి నుంచి స్విచ్, ఫైబర్, చివరికి కంట్రోల్ రూంలో అన్నిటినీ ఒకచోట చూపించే స్కాడా తెర. అక్కడి ఇంజినీరు ‘పంపు ఆడుతోంది’ అని నమ్మకంగా చెప్పగలుగుతున్నాడంటే దానికి ఆధారం ఆ చిన్న పెట్టే.

కృష్ణా లైను మీద ఈ సంధానం ఎందుకు అవసరమో చూడండి. కోదండాపూర్ నుంచి గునగల్ దాకా మజిలీ మజిలీకీ నీటిని ఎత్తిపోయాలి. గునగల్ నుంచి సాహెబ్‌నగర్‌కు పల్లమే తీసుకొస్తుంది. మధ్యలో నసర్లపల్లిలో కరెంటు ఒక్క క్షణం తడబడి పంపులు ట్రిప్పయ్యాయనుకుందాం. కింది స్టేషన్‌కు ఆ కబురు అందకపోతే అక్కడి పంపులు తోస్తూనే ఉంటాయి, నసర్లపల్లి సంపు నిండి పొర్లుతుంది. పై స్టేషన్‌కు అందకపోతే అక్కడి సంపు ఖాళీ అయి పంపులు గాలి పీలుస్తాయి. మనిషి నిటారుగా నడిచేంత వ్యాసమున్న పైపులో పరుగెడుతున్న నీరు ఒక్కసారిగా ఆగితే ఒత్తిడి అల వెనక్కి తన్నుతుంది. వెల్డింగు అతుకులు ఊడేది, వాల్వులు పగిలేది అప్పుడే. అందుకే ఒక స్టేషన్ పీఎల్‌సీ ఇంకో స్టేషన్ పీఎల్‌సీతో మాట్లాడుకుంటూ ఉండాలి. ఫోను చేసి చెప్పుకునేంత వ్యవధి అక్కడ ఉండదు.

నాగోలుది ఇంకా సున్నితమైన వ్యవహారం. అక్కడి పాత ప్లాంటు 172 ఎంఎల్‌డీ (రోజుకు మిలియన్ లీటర్లు) సామర్థ్యానిది, యూఏఎస్‌బీ పద్ధతిలో కట్టింది. గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు అడుగున బురద పరుపులో ఉండి మురుగును తింటాయి, పైన గ్యాసు వస్తుంది. ఆ ప్రక్రియ నెమ్మదిగా, నిరంతరంగా సాగుతుంది. ఆపరేటర్ చేతి వాటంతో కూడా నడుస్తుంది. మండలి తర్వాత చేపట్టిన 31 ప్లాంట్లు, మొత్తం 1,259.50 ఎంఎల్‌డీ, మూడు ప్యాకేజీలుగా పంచినవి, ఎస్‌బీఆర్ పద్ధతిలోవి. రాజేంద్రనగర్, ఎల్బీనగర్ ప్రాంతాలకు చెందిన రెండో ప్యాకేజీలో 6 ప్లాంట్లు, 480.50 ఎంఎల్‌డీ. అందులో సింహభాగం నాగోలులోని 320 ఎంఎల్‌డీ ప్లాంటుదే.

ఎస్‌బీఆర్‌లో ఒకే ట్యాంకు వేళను బట్టి వేర్వేరు పనులు చేస్తుంది. కొంతసేపు మురుగు నింపుకుంటూ గాలి పీలుస్తుంది. తర్వాత గాలి ఆపేసి బురదను కిందికి దిగనిస్తుంది. ఆ తర్వాత పైన తేరిన నీటిని డికాంటర్ అనే పరికరం మెల్లగా వంగి బయటికి వదులుతుంది. ఒక ట్యాంకు నింపుకుంటుంటే పక్కది తేరుకుంటుంది, దాని పక్కది వదులుతుంది. ఈ వంతులన్నీ పీఎల్‌సీ గడియారం మీద నడుస్తాయి. గాలి ఎంత ఊదాలో నీటిలో కరిగిన ఆక్సిజన్ మీటరు చెబుతుంది, దాన్ని చూసి బ్లోయర్ వేగం మారుతుంది. ప్లాంటు కరెంటు బిల్లులో పెద్ద వాటా బ్లోయర్లదే. మీటరు తప్పు చూపించినా, దాని అంకె పీఎల్‌సీకి తప్పుగా అందినా, అయితే కరెంటు వృథా, లేకపోతే మురుగు సగం శుద్ధితో మూసీలోకి. బురద తేరకముందే డికాంటర్ వంగితే ఆ బురదంతా నదిపాలు. ఎస్‌బీఆర్ ప్లాంటుకు సిమెంటు, ఇనుము ఎంత ముఖ్యమో పీఎల్‌సీ, దాని తీగలు అంతే ముఖ్యం.

ఈ పరిజ్ఞానం నిన్నమొన్నటిది కాదు. 1968లో అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ, రిలేలతో నిండిన బీరువాలు మార్చలేక విసిగి, వాటికి బదులు ప్రోగ్రాము మార్చుకోగల యంత్రం కావాలని అడిగింది. డిక్ మోర్లీ బృందం తయారుచేసిన మోడికాన్ 084 అలా పుట్టింది. 1979లో అదే మోడికాన్ సంస్థ మోడ్‌బస్ అనే సంభాషణ పద్ధతిని బయటపెట్టింది. ఒకరు అడగాలి, ఒకరు జవాబివ్వాలి. రెండు తీగల మీద, సెకనుకు 9,600 బిట్ల వేగంతో కూడా పని జరిగిపోతుంది. మరోవైపు 1973లో జిరాక్స్ ప్రయోగశాలలో బాబ్ మెట్‌కాఫ్ మొదలుపెట్టిన ఈథర్నెట్ ఆఫీసుల్లో వ్యాపించింది. ఫ్యాక్టరీలు దాన్ని చాలాకాలం నమ్మలేదు. సందేశం ఎప్పుడు చేరుతుందో కచ్చితంగా చెప్పలేమని వాటి అనుమానం. స్విచ్‌లు వచ్చి ప్రతి పరికరానికీ విడి దారి దొరికాక ఆ అనుమానం తగ్గింది. 1990ల చివరికి మోడ్‌బస్ కూడా ఈథర్నెట్ మీదికి ఎక్కింది.

కానీ ఈథర్నెట్ తీగ ఒకటే అయినంత మాత్రాన అందరి భాషా ఒకటి కాలేదు. సీమెన్స్ వాళ్లది ప్రొఫినెట్, రాక్‌వెల్ వాళ్లది ఈథర్నెట్ ఐపీ, ష్నైడర్‌ది మోడ్‌బస్ టీసీపీ, మిత్సుబిషిది సీసీ లింక్ ఐఈ. సాకెట్టు చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి, కేబుల్ గుచ్చితే పచ్చ దీపం వెలుగుతుంది, అయినా ఒకటి చెప్పింది ఇంకోదానికి అర్థం కాదు. వేర్వేరు కాలాల్లో, వేర్వేరు కాంట్రాక్టర్లు, వేర్వేరు కంపెనీల పీఎల్‌సీలు బిగించిన పెద్ద వ్యవస్థలో మధ్యన దుబాసీ పెట్టెలు పెట్టక తప్పదు. అన్ని కంపెనీలూ ఒప్పుకున్న ఉమ్మడి పద్ధతి కోసం 1996లో ఓపీసీ ఫౌండేషన్ ఏర్పడింది. దాని ఓపీసీ యూఏ ప్రమాణం 2008 నుంచి వాడుకలో ఉంది.

భాష కలిశాక కూడా పొరపాట్లకు చోటుంటుంది. మండలి అధికారులు శ్రద్ధగా చూడాల్సింది ఇక్కడే. సెన్సర్ 4 నుంచి 20 మిల్లీ ఆంపుల కరెంటు పంపుతుంది. సీమెన్స్ పీఎల్‌సీ దాన్ని 0 నుంచి 27648 వరకు ఉండే అంకెగా మారుస్తుంది. దాన్ని మీటర్లుగానో లీటర్లుగానో మార్చే లెక్క ప్రోగ్రాము రాసినవారిది. మోడ్‌బస్‌లో ఒక్కో రిజిస్టరులో 16 బిట్లే పడతాయి. దశాంశ సంఖ్య పంపాలంటే పక్కపక్కనున్న రెండు రిజిస్టర్లు కావాలి. ఆ రెండింట్లో ఏది ముందో పంపేవారికీ తీసుకునేవారికీ ఒప్పందం కుదరకపోతే ఏమవుతుంది? శుద్ధయిన నీటి పీహెచ్ సరిగ్గా 7.0 ఉంటే తెర మీద సున్నా కనిపిస్తుంది. 7.2 ఉంటే ఏకంగా 24 అంకెల సంఖ్య వస్తుంది. రెండోదాన్ని చూసి ఎవరైనా ఉలిక్కిపడి ఫోను చేస్తారు. మొదటిదాన్ని చూసి సెన్సర్ పాడైందనుకుని వదిలేస్తారు. రెండు చోట్లా సెన్సర్ బాగానే ఉంది, నీళ్లూ బాగానే ఉన్నాయి.

ఇంతకంటే ప్రమాదకరమైనది ఇంకొకటుంది. కమ్యూనికేషన్ కార్డు ఆగిపోయినప్పుడు, కేబుల్ ఊడినప్పుడు, తెర మీద అంకె మాయమైపోవాలి, లేదా ఎర్రబడాలి. సరిగ్గా అమర్చని స్కాడాలో అలా జరగదు. చివరిసారి అందిన విలువ అక్కడే నిలబడిపోతుంది. సంపు మట్టం 4.2 మీటర్లని చూపిస్తూనే ఉంటుంది, లోపల సంపు పొర్లుతూ ఉంటుంది. షిఫ్టు ఆపరేటర్ గంటగంటకూ లాగ్‌బుక్కులో 4.2 రాస్తూ పోతాడు, అతని తప్పేమీ లేదు. దీనికి మందు తేలికైనది. పీఎల్‌సీలో ఒక అంకె ప్రతి సెకనూ ఒకటి పెరుగుతూ ఉండాలి. స్కాడా దాన్ని కనిపెడుతూ ఉండాలి. అది పెరగడం ఆగితే లింకు పోయినట్టే, వెంటనే అలారం మోగాలి. కొత్త ప్లాంటు అప్పగించుకునే రోజున మండలి ఇంజినీరు ఒకరు స్వయంగా కేబుల్ పీకి, తెర ఏం చూపిస్తుందో గడియారం పట్టుకుని చూడాలి. ఖర్చు లేని పరీక్ష ఇది, దీన్ని దాటిన ప్లాంటునే అప్పగించుకోవాలి.

అసలు విషయానికి వద్దాం. ఆ తీగ ఎవరిది?

ప్లాంటు కట్టిన కాంట్రాక్టరు పీఎల్‌సీ ప్రోగ్రాము రాయిస్తాడు. తరచుగా ఆ పని ఇంకో చిన్న సంస్థకు ఇస్తాడు. ఆ సంస్థలో ఒక కుర్రాడు ల్యాప్‌టాప్ తీసుకొచ్చి నెల రోజులు సైటులో ఉండి అంతా నడిపించి వెళ్తాడు. ఏ రిజిస్టరులో ఏ విలువ ఉందో చెప్పే ట్యాగ్ జాబితా అతని ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. ప్రోగ్రాముకు పెట్టిన పాస్‌వర్డు అతనికి తెలుసు. వ్యాఖ్యలతో కూడిన అసలు ప్రోగ్రాము కాపీ అతని దగ్గర ఉంటుంది. అతను ఉద్యోగం మారతాడు, సంస్థ మూతపడుతుంది, నిర్వహణ కాలం ముగిసి కాంట్రాక్టరు వెళ్లిపోతాడు. ఆనాడు ప్లాంటు భవనం, పంపులు, బ్లోయర్లు అన్నీ మండలివే అవుతాయి. వాటిని నడిపే తెలివి మాత్రం ఎక్కడో ఉంటుంది. ఒక కొత్త మీటరు కలపాలన్నా, ఒక సెట్టింగు మార్చాలన్నా పాతవాళ్లను వెతికి బతిమాలాలి. లేదా మొత్తం తీసేసి కొత్తగా రాయించాలి. ఈ దేశంలో ఎన్నో ఫ్యాక్టరీల్లో జరిగే సంగతే ఇది. ప్రైవేటు ఫ్యాక్టరీలో ఆ నష్టం యజమాని భరిస్తాడు. జలమండలిలో భరించేది నీటి బిల్లు కట్టేవాళ్లు.

నష్టం డబ్బుతో ఆగదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో మరూచీ షైర్ అనే స్థానిక పాలక ప్రాంతం ఉండేది. 2000 సంవత్సరంలో అక్కడి మురుగు పంపింగ్ స్టేషన్లు నెలల తరబడి వింతగా ప్రవర్తించాయి. పంపులు ఆగేవి, అలారాలు మోగేవి కావు. మురుగు పార్కుల్లోకి, వాగుల్లోకి పొర్లింది. మొత్తం 8 లక్షల లీటర్లని తేలింది. కారణం పైపుల్లో లేదు. ఆ నియంత్రణ వ్యవస్థను బిగించిన కాంట్రాక్టు సంస్థలో మునుపు పనిచేసిన ఒక వ్యక్తి, ల్యాప్‌టాప్, రేడియో పరికరం కారులో పెట్టుకుని తిరుగుతూ స్టేషన్లకు ఆదేశాలు పంపాడు. 2001లో అతనికి రెండేళ్ల జైలు పడింది. వ్యవస్థ లోపలి సంగతులు మొత్తం తెలిసిన వ్యక్తి బయటికి వెళ్లాక కూడా తలుపు తాళాలు మార్చలేదన్నదే అక్కడి లోపం.

2023 నవంబరులో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం అలిక్విపా పట్టణంలో తాగునీటి సంస్థకు చెందిన బూస్టర్ స్టేషన్‌లో యూనిట్రానిక్స్ పీఎల్‌సీ తెర మీద అకస్మాత్తుగా ఎవరో విదేశీ దుండగుల సందేశం కనిపించింది. సిబ్బంది చేతితో నడిపే పద్ధతికి మారి సరఫరా కాపాడుకున్నారు. ఆ తరహా దాడులపై అక్కడి ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ చేసిన హెచ్చరిక చదివితే మనసు చివుక్కుమంటుంది. ఆ పరికరాలు నేరుగా ఇంటర్నెట్‌కు తగిలించి ఉన్నాయి, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డు 1111 అలాగే ఉండిపోయింది. మనదగ్గర దూరపు సైట్లను కలపడానికి 4జీ సిమ్ కార్డు రౌటర్లు పెట్టడం బాగా వాడుకలో ఉన్న పద్ధతి. చవక, వెంటనే పని జరుగుతుంది. ప్రైవేటు ఏపీఎన్, వీపీఎన్, ఫైర్‌వాల్ లేకుండా ఆ పద్ధతి వాడితే పీఎల్‌సీని రోడ్డు మీద పెట్టినట్టే. మోడ్‌బస్‌కు సొంతంగా పాస్‌వర్డు అనేదే లేదు, అడిగిన ఎవరికైనా జవాబిస్తుంది, రాయమంటే రాస్తుంది. దాన్ని పుట్టించిన కాలంలో తీగ సాధారణంగా ఫ్యాక్టరీ దాటి వెళ్లేది కాదు మరి. భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడి సంగతి తెలిసిన ఆరు గంటల్లోపు నివేదించాలి. ఏ స్టేషన్‌లో ఏ మాడ్యూల్ ఉందో, దాని ఫర్మ్‌వేర్ ఏదో, అది ఎవరితో మాట్లాడుతుందో జాబితా లేని సంస్థ ఆరు గంటల్లో ఏం నివేదించగలదు?

పాతబడటం కూడా లెక్కలోకి తీసుకోవాలి. పంపు పాతికేళ్లు ఆడుతుంది, కాంక్రీటు యాభై ఏళ్లు నిలుస్తుంది, ఎలక్ట్రానిక్ కార్డుకు అంత ఆయుష్షు లేదు. దేశమంతా విరివిగా వాడిన సీమెన్స్ ఎస్7-300 శ్రేణిని ఆ కంపెనీ 2023 అక్టోబరు నుంచి విరమణ దశలో పెట్టింది. ఇలాంటివి బిగించిన ప్రతి సంస్థా విడిభాగాలు దొరుకుతుండగానే తర్వాతి అడుగు ఆలోచించుకోవాలి. ప్రోగ్రాము, ట్యాగ్ జాబితా చేతిలో ఉన్నవాళ్లకు అది ప్రణాళికతో చేసుకునే పని. లేనివాళ్లకు అది ఒకానొక రాత్రి కార్డు కాలిపోయినప్పుడు ఎదురయ్యే ఆపద.

ఈ పని చేయడానికి మనుషులు ఎక్కడినుంచో రానక్కర్లేదు. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దిగి ఏ వీధిలో నడిచినా కోచింగ్ సెంటర్ల బోర్డులే. గ్రూప్స్, బ్యాంకు, సాఫ్ట్‌వేర్. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి డిప్లొమా, బీటెక్ చదివి వచ్చిన పిల్లలు ఇక్కడి హాస్టల్ గదుల్లో ఉద్యోగం కోసం ఏళ్లు గడుపుతున్నారు. వాళ్లలో ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లకు రిజిస్టరు అంటే ఏమిటో, ఐపీ అడ్రసు ఎలా ఇవ్వాలో నేర్పడానికి కొన్ని నెలలు చాలు. కానీ వాళ్లు అసలు ప్లాంటు చూడాలి. బల్ల మీద చిన్న పీఎల్‌సీతో బల్బులు వెలిగించి నేర్చుకున్నదానికీ, నాగోలు బ్లోయర్ హోరులో నిలబడి లింకు ఎందుకు పోయిందో వెతకడానికీ చాలా దూరం. మల్టీమీటరు ఎక్కడ పెట్టాలో, కేబుల్ షీల్డును ఎర్త్ ఎటువైపు చేయాలో, మోటారు పవర్ కేబుల్ పక్కనే నెట్‌వర్క్ కేబుల్ వేస్తే ఏమవుతుందో సైటే నేర్పుతుంది. మండలి ప్లాంట్లలో ఏటా కొందరికి అప్రెంటిస్ అవకాశం ఇస్తే, నల్లగొండ పిల్లలు నల్లగొండ నుంచి వచ్చే నీళ్లను కాపాడే పని నేర్చుకుంటారు. ఈ నగరానికి ఆ వారసత్వమూ ఉంది. 1967లో ఏఎస్ రావు గారి సారథ్యంలో మొదలైన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ ఇదే తూర్పు హైదరాబాద్‌లో ఉంది, దేశపు అణు విద్యుత్ కేంద్రాలకు నియంత్రణ పరికరాలు తయారుచేసింది. అణు రియాక్టరును కనిపెట్టుకుని ఉండే యంత్రాలను చేసిన ఊరు తన మురుగు ప్లాంటు పాస్‌వర్డు కోసం ఇంకొకరి వైపు చూడకూడదు.

ఇక జనం సంగతి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014 ఫిబ్రవరి 5న ఇచ్చిన ఆదేశాలతో ఎక్కువ కాలుష్యం కలిగించే పరిశ్రమలు తమ వ్యర్థజలాలను నిరంతరం కొలిచి ఆన్‌లైన్‌లో పంపాల్సి వచ్చింది. మురుగుశుద్ధి ప్లాంట్లకూ ఈ పద్ధతి వచ్చింది. కొలత జరుగుతోందంటే ఆ అంకె ఉంది, అది తీగల మీద ప్రయాణిస్తోంది. దాన్ని చైతన్యపురిలో, నాగోలులో మూసీ పక్కన ఉండేవాళ్లకు కూడా చూపించవచ్చు. ఎల్బీనగర్ మెట్రో స్టేషన్‌లో తర్వాతి రైలు ఎన్ని నిమిషాల్లో వస్తుందో తెర మీద కనిపిస్తుంది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట–ఎల్బీనగర్ మార్గం మొదలైననాటి నుంచి ప్రజలకు అది అలవాటైపోయింది. అదే ఎల్బీనగర్‌లో సాహెబ్‌నగర్ రిజర్వాయరు మట్టం ఎంతుందో, నాగోలు ప్లాంటు నుంచి మూసీలోకి వెళ్తున్న నీరు ఎలా ఉందో తెలుసుకునే తెర లేదు.

దీనికి ఒక అభ్యంతరం రావచ్చు. సెన్సర్ అంకెలు అప్పుడప్పుడూ తప్పుతాయి, జనం కంగారుపడతారు అని. అభ్యంతరంలో కొంత నిజముంది. ఉదాహరణకు నీటిలోని సేంద్రియ కాలుష్యాన్ని చెప్పే బీఓడీని ప్రయోగశాలలో కొలవాలంటే మన దేశపు పద్ధతిలో నమూనాను 27 డిగ్రీల దగ్గర మూడు రోజులుంచాలి. ఆన్‌లైన్ మీటరు క్షణాల్లో చూపించేది నీటిలోంచి కాంతి ఎంత పోతోందన్నదాన్ని బట్టి కట్టిన అంచనా. అది అంచనా అని పక్కనే రాసి చూపించండి. ప్రయోగశాల ఫలితం వచ్చాక అదీ పక్కన పెట్టండి. 2020 అక్టోబరు వరదల్లో సరూర్‌నగర్ చెరువు పొర్లి కోదండరాంనగర్ లాంటి కాలనీలు నీళ్లలో ఉన్నప్పుడు జనాన్ని కంగారు పెట్టింది తప్పుడు అంకె కాదు, ఏ అంకే తెలియకపోవడం. చెరువు మండలి పరిధిలోనిది కాకపోవచ్చు. కాలనీల్లో మ్యాన్‌హోళ్లు వెనక్కి తన్నితే మాత్రం జనం ఫోను చేసేది మండలి ఫిర్యాదుల నంబరు 155313కే.

అందుకని మండలి ముందు పెడుతున్న విన్నపం ఇది. ఇకమీదట ఏ పంపింగ్ స్టేషన్ టెండరులోనైనా, ఏ ప్లాంటు ఒప్పందంలోనైనా పీఎల్‌సీ ప్రోగ్రాము అసలు కాపీ, ట్యాగ్ జాబితా, నెట్‌వర్క్ పటం, పాస్‌వర్డులు మండలి ఆస్తి అని విడిగా ఒక నిబంధన ఉండాలి. అవి చేతికి వచ్చి, మండలి ఇంజినీరు వాటితో ఒక ఖాళీ పీఎల్‌సీని నింపి నడిపించి చూశాకే చివరి బిల్లు చెల్లించాలి. కమ్యూనికేషన్ మాడ్యూల్ ఏ కంపెనీదైనా సరే, బయటికి మోడ్‌బస్ టీసీపీ లేదా ఓపీసీ యూఏ మాట్లాడాలి. పీఎల్‌సీ నెట్‌వర్కుకూ ఆఫీసు నెట్‌వర్కుకూ మధ్య ఫైర్‌వాల్ తప్పనిసరి కావాలి. బయటికి వెళ్లే అంకెలు చదవడానికి మాత్రమే దారి ఇవ్వాలి, రాయడానికి వద్దు. ఒక ఉద్యోగి గానీ కాంట్రాక్టరు గానీ వెళ్లిపోయిన రోజే పాస్‌వర్డులు మారాలి. ఇప్పటికే నడుస్తున్న స్టేషన్లలో ఏ కార్డు ఎక్కడ ఉందో ఒకసారి లెక్క తీయించండి. ఇవేవీ వందల కోట్ల పనులు కావు. ఒప్పందంలో కొన్ని పేరాలు, మండలిలో ఈ పనికే కేటాయించిన ఒక చిన్న బృందం, వాళ్ల చేతికి ల్యాప్‌టాప్‌లు, లైసెన్సులు ఉంటే చాలు.

మొదలు నాగోలుతో పెట్టండి. రెండో ప్యాకేజీలోని 6 ప్లాంట్ల ప్రోగ్రాములు, ట్యాగ్ జాబితాలు మండలి పేరున స్వాధీనం చేసుకుని, ఆ సంగతి బహిరంగంగా ప్రకటించండి. నాగోలు ప్లాంటు గేటు దగ్గర, రోడ్డు మీద వెళ్లేవాళ్లకు కనిపించేలా, లోపలికి వచ్చిన మురుగు ఎంత, బయటికి వెళ్లిన నీరు ఎంత, దాని నాణ్యత ఎంత అన్న మూడు అంకెలతో ఒక తెర పెట్టించండి. లింకు పోయిన రోజున ఆ తెర మీద ‘లింకు లేదు’ అని కనిపించనివ్వండి.

భవదీయులు,
సాహెబ్‌నగర్ నీళ్లు తాగి, నాగోలుకు మురుగు పంపే ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ వాసుల తరఫున